మెత్తబడ్డ క్లచ్

కోయంబత్తూరు రేస్ ట్రాక్ పక్క షెడ్డులో ఒక పేరున్న రేసరు కారెక్కి కూర్చున్నాడు. అతని బావమరిది పెడళ్ల దగ్గర తల దూర్చి పడుకున్నాడు.

“క్లచ్ ఇంకా మెత్తగానే ఉందిరా. పెద్ద సిలిండరు వేశానని అబద్ధమాడుతున్నావా?”

“సిలిండరు, గొట్టం, ఆయిలు అన్నీ మార్చాను బావా. గొట్టంలో గాలంతా తీసేశాను. రాయిలా గట్టిగా ఉంది.”

“రేపు నా సీట్లో నీ కొడుకుని కూర్చోబెట్టాలని చూస్తున్నావు.”

“అంత మాటనకు. కాళ్ల తిమ్మిర్ల గురించి డాక్టరేమన్నాడు?”

“షుగరున్న వాళ్లందరికీ చెప్పే కథే. ఇదిగో, తొక్కుతున్నా చూడు. దూదిలా దిగిపోతోంది.”

“కిందికి చూడు బావా. నువ్వు తొక్కుతున్నది నా చెయ్యి.”

రేసరు వంగి తన కాలి కిందికి చూశాడు.

“తీసెయ్యరా. నలుగుతుంది.”

“నలిగేంత గట్టిగా నువ్వు తొక్కట్లేదు బావా.”