గణపతిరావు మేష్టారు అనని మాట

ఏటే సిన్నతల్లీ, ఇంకా ఎంతసేపేడుస్తావు? ఆయనేటి నీకు మావా, బాబాయా? మేష్టారు పోయేరని కబురందితే సాలు, బుచ్చయ్యపేట నుంచి బండి కట్టించుకుని వచ్చీసేవు. మీ అత్తోరేటనుకుంటారు? దినం దాకా ఉంటావా? ఉండు. నానొద్దన్నానా?

ఏటీ? ‘బుర్ర నేదు, పంపొద్దు’ అన్నా సరే, ఆయన మీద కోపం రానేదా నీకు? అదేనే నా ఖర్మ!

ఇలా కూకో. అమ్మనే కదా, ఇను.

ఇశాపట్నం కాలేజీలో ముప్పయ్యేళ్లు లెక్కలు సెప్పిన ప్రొఫెసరాయన. రిటైరయ్యి మన చోడవరం వచ్చి ఎదురింట్లో దిగేరు. పెళ్లాం పోయింది, పిల్లల్నేరు. ఎండలో కూడా కోటు ఇప్పీవోరు కాదు. మదరాసు నుంచి మన రాష్ట్రం ఇడిపోయిన యేడు కదూ, నువ్వు మజ్జిగివ్వడానికెళ్లి, ఆయన అరుగు మీద సుద్దముక్కతో ఏసిన బొమ్మ సూసి, "ఈ గీత తప్పు కదండీ" అన్నావంట! ఎంత ధైర్యమే! ఆయన వంగి సూసి, సెరిపీసి, సుద్దముక్క నీ సేతికే ఇచ్చీసేరంట. ఆవేళ నుంచి రోజూ నువ్వక్కడే.

ఒకనాడు ఆయనే మన గుమ్మంలోకొచ్చేరు. నాను సేటలో బియ్యం ఏరుతన్నాను. కూకోమన్నా కూకోనేదు. "నరసమ్మా, ముప్పై ఏళ్లలో ఇలాంటి బుర్ర నాకు ఇంకొకటి కనపడలేదు. పిల్లచేత మెట్రిక్ రాయిద్దాం. ఆ పైన చదివించే పూచీ నాది" అన్నారు.

ఇన్నావా? అదీ ఆయనన్న మాట.

నానేటన్నానో తెలుసా? "దానికిష్టం నేదు బాబూ. మీరంటే దానికి బయం" అనీసేను.

ఆయన మొహం ఎలాగైపోయిందనుకున్నావు! "భయమా? నేనెప్పుడైనా కసిరేనా తల్లీ?" అన్నారు. నాను సేటలోంచి తలెత్తనేదు. ఎళ్లిపోయేరు. మరింకెవరికీ పాఠం సెప్పనేదే ఆయన. మా పిల్లల్ని పంపుతామని ఎవరొచ్చినా, "నాకు చెప్పడం చేతకాదమ్మా" అనీవోరంట.

మొన్న మంచాన పడితే జావ నానే అట్టుకెళ్లేను. రెండు గుక్కలు తాగి, "మీ అమ్మాయి బాగుందా? నేనంటే ఇంకా భయమేనా?" అనడిగేరు. అప్పుడైనా సెప్పీవొచ్చు కదా? గ్లాసు కడిగీసి వచ్చీసేను. నాలుగోరోజుకి పోయేరు.

మరి నీకాడేటన్నాను? ఆయన మన గుమ్మంలోకొచ్చిన ఆ సాయంత్రమే నూతికాడికొచ్చి, "మేష్టారు రావొద్దన్నారు, నీకు బుర్ర నేదంట" అన్నాను. బకెట్టు కిందెట్టీసి, ఎందుకని కూడా అడగనేదు నువ్వు. ఐదేళ్లు మోసేవు ఆ మాట. మొన్న పండక్కొచ్చినప్పుడు నీ మొగుడేదో అడిగితే, "నాకు తెలీదు, నాను మొద్దుని" అన్నావు. పక్క గదిలో ఉన్నాను, ఇన్నాను.

ఏటలా సూస్తావు? పెళ్లి సంబంధం తప్పిపోద్దనంటావా? నేదే. అప్పటికి ఏ సంబంధమూ రానేదు. ఊరేటనుకుంటాదో అనీ కాదు.

నువ్వాయన అరుగు మీద కూకుని, ఆ గీతలు సూసుకుని, గొంతెత్తి నవ్వీదానివి. నాకిక్కడికి ఇనబడీది. నా కడుపున పుట్టి నాకాడ ఒక్కనాడైనా అలా నవ్వేవేటే?

ఓర్చుకోనేకపోయేను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం నా దగ్గిర నేదు. తిట్టుకుంటే తిట్టుకో.