అన్నీ బటన్లే

హలో… ఆ, నేనే రా. సింధూరి అక్కనే… ఆఫీసులోనే, అంబత్తూరులోనే ఉండాను. ఇంకేడ ఉంటాను?…

లేదు, తినలేదు. అనిరుధ్, కొంచెం విను. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో బాక్స్ తెరుచుకుంది. పది నిమిషాలుగా దాంట్లోంచి బయటికి రాలేకుండా ఉండాను…

ఎస్కేప్ కొట్టినాను. పోలేదు… ట్యాబ్ కొడితే మూడు బటన్లు వస్తాండాయి. స్క్రీన్ రీడర్ చెవిలో ఏం చెప్తాందో తెలుసా? బటన్. బటన్. బటన్. అంతే. ఏది దేనికో చెప్పదు…

ఏ కీ కొట్టాలో పక్కనే రాసుందా? ఎవరికోసం రాసినావురా? మీ అక్కకు చూపు లేదని నీకు ఇప్పుడే తెలిసిందా?…

మధ్యదా? నాకు మధ్య ఏదిరా? రెండోసారి ట్యాబ్ కొడితే వచ్చేదా?… ఏందీ, నీకే తెలీదా?… సెరి. అయితే నొక్కను. సుమ్మా, ఊరికే అంచనాకు నొక్కి నిన్న ఒకసారి చచ్చినాను గదా…

చెప్పలేదా నీకు? ముందు స్క్రీన్‌లో డి అంటే డిస్పాచ్. ఆ గుర్తుతోనే తర్వాత స్క్రీన్‌లో కూడా కొట్టినాను. ఆడ డి అంటే డిలీట్ అంట. పన్నెండు ఆర్డర్లు పోయినాయి. కాగితాల్లేకుండా లారీ మాధవరంలో సాయంత్రం దాకా నిలబడిపోయింది…

నా మీదనే పడింది. ఇంకెవరి మీద పడుతుంది?

అన్ని కీలూ బట్టీ పట్టమంటావా? పాతదాంట్లో ఆరేండ్లు చేసినాను రా. బటన్ మీదికి పోతానే ‘గేట్ పాస్, ఆల్ట్ జి’ అని చెవిలో చెప్పేది. పక్క సీటు లక్ష్మీప్రియకు రెండు కళ్లూ ఉండాయి, ఆ పిల్లకంటే ముందు నేను ముగించేదాన్ని…

ఇప్పుడు మా మేనేజర్ జనార్దనం సార్ ఒక కాగితం టైప్ చేయించి నా టేబుల్ మీద పెట్టినారు. లక్ష్మీప్రియ చదివి చెప్పింది. ‘చూపు లేనందువల్ల ఈ పని నాకు చేతకావడం లేదు, రిసెప్షన్‌కు మార్చండి’ అని. నేనే అడుగుతున్నట్టు… ఆ, సంతకం పెట్టాలంట. ఇప్పుడే వస్తానని పోయినారు…

రిసెప్షన్ మంచిదేనా? బొమ్మ మాదిరి కూర్చుని వచ్చేవాళ్లకు వణక్కం చెప్పేదానికా నేను ఇంత నేర్చుకునింది?

నువ్వు ఆయనకు ఒక్క మాట చెప్పు. షార్ట్‌కట్లు తెర మీద చూపించినాము గానీ, చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందేటట్టు పెట్టలేదు, తప్పు మాదే అని. అంతే…

ఏందీ?…

తెలుసా? ముందే తెలుసా నీకు?…

ఎన్ని రోజుల పని అది?… రెండు రోజులా… ఎవరూ అడగలేదా? ఒరే, నేనెవరు? మా తమ్ముడి కంపెనీది తీసుకోండి సార్ అని ఈయన వెంటబడి చెప్పింది నేనే. కంచే చేను మేసినట్టు చేసినావు గదరా…

ఏడవడం లేదు. కోపంగా ఉంది నాకు…

సెరి. చెప్తే కాంట్రాక్ట్ పోతుంది… ఇంకా నాలుగు ఫ్యాక్టరీల వాళ్లు చూస్తాండారు… సెరి. అందుకని నన్ను సంతకం పెట్టమంటావు. ప్రస్తుతానికి. వచ్చే నెల నువ్వు సరిచేస్తావు…

వచ్చే నెలకు ఈ కుర్చీలో వేరే ఎవరో ఉంటారు రా.

పెట్టకపోతే తమ్ముడి పొట్ట కొట్టినదాన్ని. పెడితే చేతకానిదాన్ని అని నా చేత్తో నేనే రాసిచ్చినదాన్ని. ఎటు పోయేది నేను? చెప్పు…

ఉండు. వచ్చినారు.

సార్, మా తమ్ముడు లైన్‌లో ఉండాడు. ఒక్క నిమిషం, స్పీకర్‌లో పెడతాను…

అనిరుధ్, సార్ వింటాండారు. చేతకానిది నాకా, లోపం మీ దాంట్లో ఉందా, నువ్వే చెప్పు. నువ్వేం చెప్తే దానికి నేను కట్టుబడతాను…

అనిరుధ్?…

ఒరే, ఉండావా?…

లేదు సార్, సిగ్నల్ ఉంది. వాడే పెట్టేసినాడు… ఇట్లియ్యండి. సంతకం ఏడ పెట్టాలి?