కంటినిండా నిద్ర

కొడుకు పోయినప్పటి నుంచి, చూపు ఆనని అత్తగారికి కోడలే రోజూ ప్రార్థన పుస్తకం చదివి వినిపిస్తోంది. ఆ ఉదయం అత్తగారు మంచం మీద పుస్తకాన్ని తడిమి చూస్తోంది.

"దీని అట్ట ఇంత నున్నగా ఉందేం? మనదానికి అంచులన్నీ చిరిగిపోయాయిగా! నిన్న నువ్వు చదివింది దీన్నా?"

"అవునత్తయ్యా. వేరే మతం వాళ్లది."

"కళ్లు లేనిదాన్ని మోసం చెయ్యడానికి నీకు నోరెలా వచ్చిందే?"

"ఇంకోసారి చదవమన్నది మీరే కదా."

"మనదనుకుని అన్నాను!"

"మన దేవుణ్ణి అందులో ఒక్క మాటైనా అనలేదు. మీ అబ్బాయి పోయాక మీరు కంటినిండా నిద్రపోయింది నిన్ననే."

"అందుకేనే నా మంట! జన్మంతా కొలిచినవాడు ఇవ్వని నిద్ర వాళ్ల పుస్తకం ఇచ్చిందంటే, నేనిప్పుడు ఎవరితో పోట్లాడను? ఆ దేవుడు పలకడు. దొరికేది నువ్వొక్కదానివేగా!"