సారంగపాణి గారి పక్కన రెండో కుర్చీ

1971 జూలై 5వ తేదీ, సోమవారం నాడు శ్రీ సారంగపాణి గారు హన్మకొండలోని మన ప్రాంతీయ వ్యవసాయ గణన కేంద్రంలో గణాంక సహాయకులుగా చేరారు. అంతకు మునుపు నెక్కొండలో లెక్కల మాస్టారుగా పనిచేసిన ఆ మితభాషి, పంచ్ కార్డుల కాలంలోనే యంత్రగది బాధ్యతను భుజాన వేసుకున్నారు. 1979లో సహధర్మచారిణి సుగుణ గారు పరమపదించిన నాటి నుండి, మట్టెవాడలోని ఇంటికి త్వరగా చేరవలసిన అగత్యం ఆయనకు లేకపోయింది.

1983లో కొత్త కంప్యూటరు, దానితో పాటు ప్రోగ్రాములు రాసే సి భాష వచ్చాయి. యాభై దాటిన వయస్సులో ఆయన విద్యార్థియై ఆ భాషను అభ్యసించారు.

మరుసటి ఏడు తొలకరికి, విత్తనాల పంపిణీ కోసం రెండు కిటికీల వద్ద ఆ కంప్యూటరుకే కలిపిన తెర, కీబోర్డుల జతలు, అంటే రెండు టెర్మినళ్లు ఉంచి, రైతులకు వరుస సంఖ్యల టోకెన్లు ఇచ్చారు. ఒకనాడు కేసముద్రం ఉప్పలయ్య, నెక్కొండ రాయమల్లు ఒకే సంఖ్యతో గోదాము తలుపు వద్ద ఎదురుపడ్డారు.

“ఏందే, నా నంబరు నీకెట్లొచ్చె?” అన్నాడు ఉప్పలయ్య.

“నీ నంబరా? దాని మీద నీ పేరు రాసున్నదా? పొద్దుగాల్నుంచి నిలబడ్డ నేను!” అన్నాడు రాయమల్లు.

తనవారి కోసం దొంగ టోకెను సృష్టించిందన్న నిందతో ఆపరేటరు మొగిలమ్మ గారిని సస్పెండు చేశారు. విచారణాధికారి ఒక టెర్మినల్ ముందు కూర్చొని పరీక్షించి, యంత్రం నిర్దోషి అని తేల్చారు.

“మిషన్ తప్పు చేస్తదా సారంగపాణీ? చేస్తే మనిషే చేయాలె” అన్నారు ఆ అధికారి.

“ఒక్కరు కూసుంటే చెయ్యది సార్. ఇద్దరు కూసోని చూడుండ్రి.”

ఎవరూ కూర్చోలేదు. సారంగపాణి గారి అనుమానం సులువైనదే. ప్రోగ్రాము పాత సంఖ్యను తీసి, ఒకటి కలిపి, తిరిగి పెడుతుంది. తీసినదాన్ని పెట్టేలోగా రెండో టెర్మినల్ కూడా చేయి చాస్తే, దానికీ అదే సంఖ్య చిక్కుతుంది. ఏకాంతంలో కనబడని ఆ దోషాన్ని పట్టుకోవడానికి తోడు కావాలి. తోడు రావలసిన మొగిలమ్మ గారికేమో గదిలోకి ప్రవేశం లేదు. అందుకని ఆయన రెండు టెర్మినళ్లను దగ్గరకు జరిపి, చేతులు బారచాపి, రెండు కీబోర్డులనూ ఒకేసారి ఒత్తసాగారు. ఊడ్వడానికి వచ్చిన సమ్మమ్మ ఆగిపోయింది.

“ఏంది సారూ, తబల వాయిస్తాండ్రా? పక్క కుర్సీల కూసునెటోళ్లు ఎవ్వల్లేరా?”

“ఉన్నరు సమ్మమ్మా. రానిస్తలేరు.”

చివరకు రెండు తెరల మీద ఒకే సంఖ్య మెరిసింది. అధికారిని పిలిచి ఆయన కళ్లెదుటే మళ్లీ చూపించారు. తీయడం, కలపడం, పెట్టడం అనే మూడింటినీ మధ్యలో ఎవరూ చొరబడలేని ఒకే క్రియగా మార్చి రాశారు. తప్పు ఉందని చూపడానికి ఒక్కసారి చాలు. లేదని చెప్పడానికి ఎన్నిసార్లైనా చాలవని, వానాకాలం ముగిసేదాకా పరీక్షిస్తూనే ఉన్నారు. ఒకే సంఖ్య మరెన్నడూ ఇద్దరికి పోలేదు.

మొగిలమ్మ గారు తిరిగి విధుల్లో చేరారు. అయితే ఆమె సర్వీసు రికార్డులో నింద నేటికీ అలాగే ఉంది. పై అధికారి తీర్పును తప్పుబట్టిన సారంగపాణి గారు వచ్చి కూర్చోగానే భోజనాల బల్ల వద్ద మాటలు ఆగిపోయేవి. అందుచేత ఆయన టిఫిన్ డబ్బా యంత్రగదిలోనే తెరవడం అలవాటు చేసుకున్నారు. ఆ నిశ్శబ్దం ఈ కార్యాలయానికి శోభనిచ్చేది కాదు. దానిని ఈ వీడ్కోలు సంచికలో పూలదండల మాటున దాచడం న్యాయమూ కాదు.

వీడ్కోలుకు ఏ కానుక ఇవ్వమంటారని ఉద్యోగుల సంఘం వారు అడిగినప్పుడు ఆయన అన్నది ఇంతే: “శాలువా ఎందుకండీ? మొగిలమ్మ మీది ఆ మాట కొట్టేయించుండ్రి, సాలు.”

1988 నవంబరు 30న ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. సగంలో ఆగిన క్రియను జరిగినట్లు లెక్కించరాదన్నది ఆయన మనకు నేర్పిన విద్య. ఉద్యోగం తిరిగి ఇచ్చి, మచ్చను అట్టే పెట్టడం సగంలో ఆగిన న్యాయమే. దానిని పూర్తి చేయవలసిన కలం ఈ కార్యాలయంలోనే ఉంది.

శ్రీ సారంగపాణి గారు దృఢమైన ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు మన మధ్య వర్ధిల్లాలి. మచ్చ తొలగించిన ఉత్తర్వును మొగిలమ్మ గారు స్వయంగా పట్టుకొని మట్టెవాడ ఇంటి మెట్లెక్కే రోజును ఆయన కళ్లారా చూడాలి. ఆ రోజు ఆమె కోసం ఆయన తన పక్కన రెండో కుర్చీ వేయాలి.