రుజువు కాని ప్రెస్సు

హిందూపురం ఫ్యాక్టరీలో రేకులు నొక్కే కొత్త ప్రెస్సును నడిపే కంప్యూటర్ ప్రోగ్రాం తనిఖీకి వచ్చిన సైమాను మేనేజరు చంద్రమోహన్ ఎగాదిగా చూశాడు.

“నెలంతా నడిపినాం, ఏమీ కాలేదు. నీ లాజిక్కులు కాలేజీలో చెప్పుకో పో.”

“నెల్లో జరగంది రేపు జరగదని ఎట్ల చెప్తారు సార్? ముందర తలుపు తెరిచుంటే ప్రెస్సు దిగదని లాజిక్కుతో రుజువు చేయబోయినా. రుజువు నిలబడలేదు. కరెంటు పోయి వస్తే తలుపు తెరిచున్నా దిగుతాది.”

“ఎప్పుడో జరిగేదానికి పని ఆపాల్నా?”

సైమాకు ఒళ్లు మండింది. “ఆపొద్దు. తలుపు తీసి మీ చెయ్యి లోపల పెట్టండి. నేను మెయిన్ స్విచ్చి ఆపి మళ్లా వేస్తా.”

చంద్రమోహన్ చేతులు రెండూ జేబుల్లోకి పోయినాయి.

“మీవే చేతులా సార్? దీన్ని నడిపే ఓబుళప్పవి కావా?”

ఆయన జవాబు కోసం ఆగకుండా సైమా మెయిన్ దించి, స్విచ్చి బాక్సుకు తాళం వేసింది.