తిన్నది సాలదా స్వామీ

"బాపమ్మా, నువ్వు కోతిని స్వామీ అన్న ముచ్చట చెప్పరాదు. ఫోన్ల రికార్డు పెట్టిన."

ఏందీ, రికార్డా? వద్దు తియ్యి బిడ్డా. నా గొంతు ఒక్కసారే రికార్డు చేసిన్రు, అదిగుడ అడివి పందుల కోసం. గప్పటి సంది రికార్డు అంటేనే నాకు తలకాయ కిందికి పోతది. నవ్వకు. నీకు ఎవ్వలు చెప్పిన్రు కోతి ముచ్చట? మీ బాపేనా? వానికి వేరే పని లేదు. నలుగురు కూసున్న కాడ నా ఇజ్జత్ తీసుడే వాని పని. సరే, నడుస్తున్నదా అది? ఎర్రచుక్క కొట్టుకుంటున్నది గదా, నడుస్తున్నట్టే.

కోతి ముచ్చట చెప్పాల్నంటే ముందుగాల పందుల కాన్నుంచి చెప్పాలె. లేకుంటే నీకు సమజ్ కాదు. మీ ఓదెలు తాత లేడా, మా అన్న. ఆయన చేను, మన మక్కచేను గట్టుకు గట్టు. మా బాపు నాకు పసుపు కుంకుమ కింద గా ఎకరం ఇచ్చిండు, మిగిలింది అన్నకు. చిన్నప్పుడు మేమిద్దరం గదే గట్టు మీద కూసోని పచ్చి కంకులు కాల్సుకొని తిన్నోళ్లం. ఒక్క కంకి ఉంటే సగం ఇరిసి నాకు పెద్ద సగం ఇస్తుండె. గట్ల ఉంటుండె మాకు.

ఇగ పందులు. ఎనుకటికి గిన్ని లేకుండె. ఇప్పుడు గుట్ట మీంచి మందలు మందలు దిగుతయి. నేను మంచె మీద కూసోని కావలి కాద్దును. ఒకనాడు పొద్దుమూకే యాళ్లకు, సద్ది గిన్నె మంచె కిందనే మర్సిన. ఒక పంది వచ్చి మూతి గిన్నెల పెట్టింది. బువ్వంత తిన్నది, మూతి మాత్రం బయటికి రాలే. ఇగ సూడు, గిన్నె తొడుక్కొని మక్కల పడి ఉరుకుతున్నది, కర్రలకు తాకి డబడబ డబడబ సప్పుడు. మిగిలిన పందులు గా సప్పుడుకు బుగులుపడి దాని ముంగటనే ఉరుకుతున్నయి. నేను మంచె మీంచి "నా గిన్నె, నా గిన్నె" అని మొత్తుకుంటున్న. ఇత్తడిది బిడ్డా అది. మా అవ్వ జమ్మికుంటల పత్తి అమ్మిన నాడు కొన్నది. గప్పుడు ఇరవై రూపాలో, కాదు కాదు, ముప్పయి కావచ్చు. ఇప్పుడు ముప్పయి రూపాలకు దాని మూత గుడ రాదు. తెల్లారి మా అన్ననే తన చేన్ల దొరికిందని తెచ్చి ఇచ్చిండు. సొట్టలు పోయింది, ఆయనే కొట్టి సాపు చేసిండు గుడ.

నేను యాడున్న? ఆఁ, రికార్డు. గా గిన్నె ముచ్చటకు ముందుగాలనే అన్న దుబాయిల శాన ఏండ్లు చేసి, ఇగ సాలని ఇంటికొచ్చిండు. అందరికి సబ్బులు, అత్తర్లు తెచ్చిండు, నాకేమో పాటల డబ్బా తెచ్చిండు. గీ టిఫిన్ డబ్బంత ఉంటది, మోగితే ఊరంత ఇనవడ్తది. "బతుకమ్మ పాటలు ఇనుకుంట కూసో లచ్చీ" అని ఇచ్చిండు పాపం. మీ బాపేమో దాన్ని చేన్ల పెడ్తనన్నడు. "అవ్వా, నువ్వు పందుల్ని ఎట్ల తిడ్తవో జర గట్ల తిట్టు" అని ఫోన్ నా మూతి కాడ పెట్టిండు. నాకేం ఎర్క, తిట్టిన. "తిన్నది సాలదా? మల్ల ఎందుకొచ్చిన్రు? సిగ్గు లేదా? నడువున్రి బయటికి!" గంతే. గా నాలుగు మాటలే రాత్రంత తిరిగి తిరిగి మోగుతుండె. ఊర్ల పోరగాండ్లు నేను కనవడంగనే "తిన్నది సాలదా" అందురు. కిరాణం దుకాణం కాడికి పోవాల్నన్నా సిగ్గయ్యేది.

కని పని చేసింది బిడ్డా. పందులు మన చేన్లకు వచ్చుడు బందయ్యింది. యాడికి పోతయి మరి? గట్టు అవతలికి పోయినయి. వాటికేం ఎర్క, అది మా అన్న చేనని.

అన్న వచ్చిండు. నేను చాయ పోసి ఇచ్చిన. మెల్లగనే అన్నడు, "లచ్చీ, జర సప్పుడు తగ్గియ్యవే. నా చేను ఆగమైతున్నది. నువ్వు తిడ్తున్నవ్, అవి నా దగ్గరికి వస్తున్నయి" అని. నేను "నువ్వు తెచ్చిన డబ్బనే గదా" అన్న. నవ్వులాటకే అన్న. ఆయన నవ్వలే. మాట మీద మాట లేసింది. నా నోరు సంగతి నీకు ఎర్కనే గదా. "గంత నొప్పయితే నా గడప తొక్కకు" అన్న. చాయ సగం తాగిండు, మిగిలింది గట్లనే గోడ మీద పెట్టి లేసి పోయిండు. మల్ల రాలే. రెండు దసరాలు పోయినయి. జమ్మి ఇయ్యనీకి గుడ రాలే. ఒక్క ఊర్లె ఉండుకుంట అన్న మొఖం చూడకుండ... ఉండనియ్యి.

ఇగ కోతి. కోతులు గుడ గట్లనే, ఇండ్లళ్లకు చొచ్చుడు మొదలువెట్టినయి. పక్కింటి రాజవ్వ లేదా, కోతులు బెదురుతయని నల్లమూతి కొండెంగ బొమ్మ ఫ్లెక్సీ కట్టింది. అవి దాని పక్కపొంటే కూసోని ఒకదానికొకటి పేండ్లు చూసుకున్నయి. మన ఇంటికొచ్చేది ఒకటుండె, సగం చెవి తెగింది. దర్వాజ గొళ్లెం తీసుడు నాకన్న దానికే మంచిగొచ్చు. ఫ్రిజ్జు తీస్తది, టమాటలు పట్టుకుంటది, ఫ్రిజ్జు తలుపు మాత్రం ఎయ్యది.

గా ఎండకాలం మీ తాత ఆంజనేయ స్వామి మాల ఏసుకున్నడు. అగో, అవతల గుర్రు పెడ్తున్నడు సూడు, గాయననే. మాల ఏసుకుంటే ఇంట్ల అందరూ స్వామే గదా. ఆయన స్వామి, వచ్చినోళ్లు స్వామి, నేను మాత. నేను అలవాటుల కోతిని "దొంగముండా" అన్న. మీ తాత కండ్లెర్ర చేసిండు. "దీక్షల ఉన్న ఇంట్ల ఆంజనేయున్ని ముండ అంటవా? కట్టె గుడ పట్టద్దు. స్వామీ అని మంచిగ చెప్పు, పోతడు" అన్నడు. పోతడట! ఇగ ఏం చెయ్యాలె? "స్వామీ, దండం పెడ్త, ఉల్లిగడ్డలు పట్టుకపో, దీక్షల మేము అవి తింటలేము, నూనె పాకిటు ఇడిసిపెట్టు" అని బతిలాడుదును. అది నా దిక్కు చూసి నూనె పాకిటే పట్టుకుంటుండె.

గా నాడు మన ఇంట్ల స్వాములకు భిక్ష. పొద్దుగాల సంది పప్పు, పులిహోర, పరమాన్నం వండి, జర చేతులు కడుక్కొద్దామని ఎనుకకు పోయిన. వచ్చేసరికి సగం చెవిది పరమాన్నం గంజుల చెయ్యి పెట్టి కూసున్నది. నాకు పానం పోయినట్టయ్యింది. కట్టె పట్టద్దు, తిట్టద్దు. ఇగ నోట్లెకు ఏమొస్తది? రోజూ చేన్ల మోగే మాటలే వచ్చినయి. గొంతు చించుకొని ఒర్రిన. "స్వామీ! తిన్నది సాలదా? మల్ల ఎందుకొచ్చినవ్? సిగ్గు లేదా? నడువు బయటికి!"

నా ఈపు దర్వాజ దిక్కున్నది బిడ్డా. నేను చూడలే.

కోతి నా పక్కపొంటి ఉరికి పోయింది. నేను మల్ల వేరే గంజుల పరమాన్నం పెట్టిన. స్వాములు వస్తున్నరని వాకిట్లకు పోయి చూస్తే, గోడ మీద అదే కోతి కూసోని అరటిపండ్లు తింటున్నది. మంచి పండ్లు, అప్పుడే గెల నుంచి తెంపినట్టున్నయి. మన ఇంట్ల పండ్లు యాడియి? పైన కరెంటు తీగకు ఆకుపచ్చ రైక గుడ్డ ఏలాడుతున్నది, కొత్తది, మడత గుడ పోలేదు. గోడ కింద పసుపు కుంకుమ పొట్లం పలిగి ఉన్నది. నాకు సమజ్ కాలే. దేవునికి ఎవ్వలో పెట్టిపోయిన్రనుకున్న.

మీ తాత వచ్చిండు గుడి కాన్నుంచి. "ఓదెలు స్వామేడి?" అన్నడు. "ఏ ఓదెలు స్వామి?" అన్న. "మీ అన్ననే. ఆయన గుడ మాల ఏసుకున్నడు. మాల ఏసుకున్నంక కోపాలు ఉండద్దు స్వామీ, భిక్షకు రా అని నేనే పిలిచిన. వస్తనన్నడు" అన్నడు. నాకు చెప్పలే సూడు ముందుగాల. సంబురపడ్తదని చెప్పలేదట.

అప్పుడు రాజవ్వ గోడ అవతల్నించి అన్నది. "వచ్చిండు గదనే. మీ దర్వాజ కాడ నిలబడ్డడు. నువ్వు స్వామీ నడువు బయటికంటివి, ఆయన తెచ్చినయి గోడ మీద పెట్టి మల్లిపోయిండు. ఇంకా గంత కోపముందా లచ్చవ్వా నీకు అని నేను గుడ నారాజయిన."

ఇగ నా మొఖం యాడ పెట్టుకోవాలె? స్వాములు కూసోని తింటున్నరు, నేను వడ్డిస్తున్న. ఆకలితోని వచ్చినోన్ని, తోడవుట్టినోన్ని, పందుల్ని తోలిన మాటలతోని తోలిన. ఆయన చేన్లకు రోజూ ఇనవడే మాటలే గదా అవి. భూమి పలిగి లోపలికి పోతే బాగుండు అనిపించింది. ఫోన్ చేసిన, ఎత్తలే. ఇంటికి ఉరికిన. మా వదిన కూసో అనలే. "నడుసుకుంట కొండగట్టు ఆంజనేయుని గుడికి పోయిండు మాల తీసెటందుకు. గా మాటలు మాకు కొత్తనా, రోజూ ఇంటనే ఉంటిమి" అన్నది. తల ఒంచుకొని వచ్చిన.

తెల్లారి మల్ల వండిన. పులిహోర, పరమాన్నం. డబ్బల కట్టుకొని బస్సెక్కి కొండగట్టు పోయిన. మీ తాత వస్తనన్నడు, వద్దన్న. అబ్బో, ఏం జనం బిడ్డా! యాడ చూడు కాషాయమే. అందరూ ఒక్కతీరే, గడ్డాలు, బొట్లు. నేను "స్వామీ!" అని పిలిచిన. ఓ యాభై మంది తిరిగి చూసిన్రు. సిగ్గయ్యింది. "ఓదెలు స్వామీ!" అన్న. నలుగురు లేసి "ఏంది మాతా" అన్నరు. మన దిక్కు ఓదెలు పేరుకు తక్వనా! ఒకాయనైతే "నేనే తల్లీ, భిక్షనా?" అని డబ్బకు చెయ్యి చాపిండు.

గట్ల తిరిగి తిరిగి మెట్ల కాడ కాలు నొచ్చి నిలబడ్డ. ఎనుక నుంచి ఒక్క గుంజుడు. కోతి! డబ్బ గుంజుకున్నది. నేను ఇడువలే. అది గుంజుడు, నేను గుంజుడు. మూత ఊసిపోయి పులిహోర, పరమాన్నం అంత మెట్ల మీద పడ్డది. ఇంకో పది కోతులు వచ్చినయి. నాకు దుఃఖం, కోపం ఒక్కసారి వచ్చినయి. "స్వామీ! తిన్నది సాలదా? మల్ల ఎందుకొచ్చినవ్? సిగ్గు లేదా? నడువు! గది మా అన్నకు తెచ్చిన!" అని ఒర్రిన. ఏడుసుకుంట ఒర్రిన. జనమంత నిలబడి చూస్తున్నరు. కొందరు నవ్వుతున్నరు, కొందరు ఫోన్లు తీసిన్రు.

"లచ్చీ, ఎవర్నంటున్నవే?" అని ఇనవడ్డది.

చూస్తే అన్న. నాలుగు మెట్ల పైన. మాల తీసిండు, గడ్డం గుడ తీసిండు, అందుకే నాకు ఆనవాలు దొరకలే. కోతి దిక్కు చెయ్యి చూపిచ్చిన. ఆయన కోతిని చూసిండు, నన్ను చూసిండు. మూతికి పరమాన్నం పూసుకొని అది గుడ ఆయన్నే చూస్తున్నది. ఇగ సూడు, నవ్విండు. మెట్ల మీద కూసోని, కడుపు పట్టుకొని నవ్విండు. దుబాయి పోకముందు నవ్వినట్టు నవ్విండు. నేను పక్కపొంటి కూసోని ఏడ్సిన.

జరసేపయినంక అడిగిన. "నేను నిన్ను గట్ల అంటనా అన్నా? ఎట్ల నమ్మినవ్?"

నవ్వుడు బందు చేసిండు. కోపం లేదు బిడ్డా ఆయన మొఖంల, మెల్లగనే అన్నడు. "అన్నవ్ గదనే లచ్చీ. గడప తొక్కకు అన్నవ్. గా నాడు కోతి లేకుండె గదా."

గంతే. కింద పడ్డ మూత ఏరి ఖాళీ డబ్బకు పెట్టిన.

ఇద్దరం చెరింత కొబ్బరి ముక్క తిని బస్సెక్కినం. తెల్లారి గా పాటల డబ్బల నా తిట్లు తీసేపిచ్చిన. పందులు వస్తే రానియ్యి అన్న. ఇప్పుడు రెండు చేన్లకు కలిపి తీగె కంచె కట్టిన్రు గదా మీ బాపు, మా అన్న కొడుకు.

అన్న వస్తడు, పోతడు, అంత మంచిగనే ఉన్నది. కని నువ్వు చూసినవా ఎప్పుడన్న? దర్వాజ కాడ నిలబడ్తడు. "స్వామి రావాల్నా, పోవాల్నా?" అంటడు. మీరంత నవ్వుతరు, నేను గుడ నవ్వుత. మీరు నవ్వులాట అనుకుంటరు. నాకెర్క. నేను రా అన్నదాక ఆయన కాలు గడప దాటదు. గింత ముసలోడయ్యి, మోకాళ్లు నొయ్యంగ, చెల్లె ఇంట్లకు అడిగి వస్తున్నడు. గా మాట పోలే బిడ్డా. డబ్బలకెళ్లి తీసిన గని ఆయన చెవులకెళ్లి తియ్యలేకపోయిన.

నడుస్తున్నదా ఇంకా అది? ఇప్పుడు చెప్పినయి అన్నీ తీసెయ్యి. ఒక్కటే పట్టు, జర ఆగు, గొంతు సవరిచ్చుకోనియ్యి. ఆఁ.

అన్నా, నేను లచ్చవ్వను. వాకిట్ల నిలబడకు. అడుగకు. లోపలికి రా. కాళ్లు కడుక్కో, బువ్వ తిందువు.

పడ్డదా? ఓదెలు తాత ఫోన్లకు పంపు. సల్లగుండు బిడ్డా, వెయ్యేండ్లు బతుకు. నీ దర్వాజ కాడికి వచ్చినోళ్లు ఎవ్వలు గుడ, లోపలికి రావాల్నా వద్దా అని నిలబడొద్దు. గంతే నా దీవెన.

పంపినవా? ఫోన్ల గా రెండు గీతలు నీలం రంగయితే ఆయన ఇన్నట్టట గదా, మీ బాపు చెప్పిండు. జర సూడు... అయినయా?