తలుపు మూసుకోవడం లేదు, ఏం చేయాలి?

వారంగా వాన పడుతూనే ఉంది. ఆ వారంలో జనం నెట్‌లో ఏమేం వెతికారో సాయంత్రానికల్లా సైట్‌లో పెట్టాలని న్యూస్ ఎడిటర్ ఆ లెక్కలు చూసే అమ్మాయిని తొందరపెడుతున్నాడు.

"హీరోగారి పెళ్లి, క్రికెట్ ఫైనల్. తర్వాతేంటమ్మా?"

"మన ఊళ్లో ఒకటుంది సార్. 'తలుపు మూసుకోవడం లేదు, ఏం చేయాలి' అని వెతుకుతున్నారు."

"వానకి చెక్క ఉబ్బదా మరి? నవ్వొస్తుంది, పెట్టెయ్."

"నేనూ నవ్వుకున్నాను సార్. కానీ వెతికినవాళ్లంతా కొండకింద కాలనీవాళ్లే. వాన ఊరందరి మీదా పడుతోంది కదా!"

అతను లేచి వచ్చి ఆమె స్క్రీన్ మీదికి వంగాడు.

"వాళ్లే ఇంకేం వెతికారు?"

"నిన్న 'గోడకి బీట'. ఇవాళ పొద్దుట్నుంచి 'నేల కింద చప్పుడు'. ఎవరికి వాళ్లు ఈ ఇబ్బంది తమ ఇంటికే వచ్చిందనుకుంటున్నట్టున్నారు."

"కొండ జారుతోందమ్మా! ఫైరింజన్‌వాళ్లకి ఫోన్ చెయ్. మా అక్క ఉండేది అక్కడే."

అతను తన ఫోన్ తీసి అక్కకి కలిపాడు. అక్క వెంటనే ఎత్తింది.

"అక్కా, ఏదీ సర్దకు. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్."

"ఎలా వస్తాంరా? రాత్రి బలవంతంగా మూసిన వీధి తలుపు బిగుసుకుపోయింది. వడ్రంగిని పిలుద్దామంటే వాళ్లింట్లోనూ తలుపు తెరుచుకోవట్లేదట. అందరం ఒకటే నవ్వు."

"నవ్వకక్కా! కిటికీ పగలగొట్టి ముందు పిల్లల్ని దించు."

"ఉండరా, ఏదో పెద్ద లారీ వస్తున్న చప్పుడు" అంది అక్క. "మా సందులో లారీ పట్టదే!"